పొగ బయటికి పోయే దారి

నవంబర్ 4, మంగళవారం

కోపం వచ్చినప్పుడు నోటితో అనకుండా కాగితం మీద కక్కెయ్యమని రేడియోలో ఒకావిడ చెప్పింది. ఆవిడకేం, స్టూడియోలో చల్లగా కూర్చుని ఎన్నైనా చెబుతుంది. అయినా ఈ నోటుబుక్కు తెచ్చుకున్నాను. చూద్దాం.

నిన్న మా ఆవిడ దగ్గు కోసం ఆస్పత్రికి వెళ్ళాం. ఎక్స్‌రే చూసి డాక్టరు "ఇంట్లో పొగేమైనా ఉంటుందా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఈవిడ అందుకుంది. "ఈయన వెనక గదిలో యాంప్లిఫయర్లు రిపేరు చేస్తారండీ. పొద్దస్తమానం టంకం పొగ. నేను ముందు గదిలో కర్టెన్లు కుట్టుకుంటూ అదే పీలుస్తుంటాను" అంది. డాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. వాడి బల్ల మీదున్న గాజు పేపర్‌వెయిట్ తీసి వాడి పళ్ళ మీదకి విసరాలనిపించింది. విసరలేదు. విసరనివాటి సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇంటికొచ్చాక కూర్చోబెట్టి చెప్పింది. అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేవాణ్ని. "ఈ నెలాఖరులోగా ఇంట్లోంచి పొగైనా పోవాలి, మీ కోపమైనా పోవాలి. రెండూ ఉన్న కొంపలో నేనుండను. తమ్ముడింటికి పోతాను. పోయానంటే మళ్ళీ రాను" అంది.

అంటే అన్నంత పనీ చేస్తుంది. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను.

రెండింటిలో పొగే తేలిక. రేకు, గొట్టం, ఫ్యాను. వారం పని.

నవంబర్ 6, గురువారం

పాత వాషింగ్ మెషిన్ పక్కరేకులు విప్పి, బల్ల మీదకి గొడుగులా వంచాను. గొడుగు నెత్తిన ఆరంగుళాల కన్నం. కన్నానికి ముడతల అల్యూమినియం గొట్టం. కిటికీ మొత్తం ప్లైవుడ్డుతో మూసేసి, దానికో కన్నం చేసి గొట్టాన్ని బయటికి తీశాను. రేకు అంచు అరచేతిని కోసింది. మా ఆవిడ పసుపు తెచ్చింది గానీ చెయ్యి పట్టుకోలేదు, డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

సర్వీస్ సెంటర్లో ఉండి ఉంటే ఇవన్నీ వాళ్ళే అమర్చి ఇచ్చేవాళ్ళు. ఆ ఉద్యోగం నా కోపం వల్ల పోయిందని ఈవిడ అందరికీ చెబుతుంది. కోపం వల్ల కాదు, సూపర్‌వైజర్ ముక్కు వల్ల. అది సరిగ్గా నా పిడికిలి దారిలో పెట్టుకుని నిలబడ్డాడు.

నవంబర్ 9, ఆదివారం

బిగించాను. ఫ్యాను చిన్నది. పొగ సగం పోతోంది, సగం నా నెత్తిమీదే తిరుగుతోంది. ముందు గదిలోంచి దగ్గు వినపడినప్పుడల్లా ఎవరో నన్ను వేలుపెట్టి చూపిస్తున్నట్టే ఉంది.

నవంబర్ 11, మంగళవారం

పైవాటాలో ఉండే పెన్షనాయన కిందికి దిగి, నా గొట్టం మూతి సరిగ్గా ఆయన కిటికీ కింద ఉందని, పొగంతా ఆయన పడగ్గదిలోకే వస్తోందని గొడవ. "నాలుగు రోజులు ఓపిక పట్టండి" అన్నాను. మర్యాదగానే అన్నాను. పట్టలేదు. మధ్యాహ్నం పైనుంచి గొట్టంలోకి బకెట్టుడు నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు గొడుగులోంచి వచ్చి బల్ల మీదున్న బోర్డు మీద పడ్డాయి. మూడు రోజుల పని.

మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. ఆయన వరండాలో కూర్చునే కుర్చీ తీసి రోడ్డు మీదకి గిరాటేశాను. కాళ్ళు రెండు విరిగాయి. కుర్చీవే. ఆయన్ని ముట్టుకోలేదు. ఆయనే వెనక్కి నడిచి గోడకి కొట్టుకున్నాడు.

"పెద్దాయన వణికిపోయాడండీ" అంది మా ఆవిడ. నేను బోర్డు తుడుచుకుంటున్నాను. "నా మూడు రోజులు నీళ్ళపాలైతే నువ్వు వణికావా?" అన్నాను.

నవంబర్ 13, గురువారం

మూతపడ్డ క్యాంటీను వంటగదిలోంచి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పట్టుకొచ్చాను. ఇద్దరు మోయాల్సిన సరుకు, ఒక్కణ్నే మోశాను. గొట్టం మార్చి, లావుపాటిది వేసి, గోడ వెంబడి డాబా పైదాకా తీసుకెళ్ళాను. ఇక ఏ పెన్షనాయనా ఏ కిటికీ పేరూ ఎత్తే పనిలేదు.

స్విచ్చి వేశాను. అబ్బా. ఇల్లంతా ఒక్కసారి గుక్క తిప్పుకున్నట్టు అయింది. తెరిచి ఉన్న వంటింటి తలుపు ధడాలున మూసుకుంది. కాగితం ముక్క నడవలో వదిలితే ఎగురుకుంటూ నా గదిలోకి వచ్చి గొడుగుకి అతుక్కుంది. టంకం పొగ తల తిప్పకుండా నిటారుగా పైకి పోయింది. మా ఆవిణ్ని పిలిచి చూపించాను. చాలా రోజుల తర్వాత నవ్వింది. "మీరు కూర్చుంటే చెయ్యలేనిది లేదు" అంది.

ఆ మాట కోసం ఫ్యానేమిటి, ఇంజను మోసుకొచ్చేవాణ్ని.

నవంబర్ 15, శనివారం

చిన్న చిక్కు. ఫ్యాను వేస్తే వీధి తలుపు కింద సందులోంచి ఈల వేసుకుంటూ చలిగాలి వస్తోంది. మిషను తొక్కుతుంటే కాళ్ళు కొంకర్లు పోతున్నాయంది మా ఆవిడ. సరే, ఇవాళంతా అదే పని. వీధి తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. ముందు గది కిటికీలకి పట్టీ. వంటింటి కిటికీకి పట్టీ. స్నానాలగదికి ఎలాగూ కిటికీ లేదు. చీమ దూరే సందు కూడా వదల్లేదు. నా గది తలుపు మాత్రం తెరిచే ఉంచుతాను, ఇంటి గాలంతా నా గదిలోకే రావాలి, నా గొడుగులోంచే పోవాలి.

ఈల ఆగింది. దగ్గు కూడా తగ్గింది. నెల తిరక్కుండానే గెలిచాను.

నవంబర్ 16, ఆదివారం

బామ్మర్ది భోజనానికి వచ్చాడు. వాడు ఏసీ మెకానిక్కు. అక్కకి వాడంటే ప్రాణం, వాడు తుమ్మినా గొప్పే.

గడియ తియ్యగానే తలుపు దానంతటదే లోపలికి కొట్టుకుంది. వాడు అక్కడే ఆగిపోయాడు. "ఏంటి బావా ఇది, తొయ్యకుండానే తెరుచుకుంది?" అన్నాడు. చెప్పులు విప్పుతూనే రబ్బరు పట్టీలు తడిమాడు. నా గదిలోకొచ్చి ఫ్యాను చూశాడు, కిటికీ ప్లైవుడ్డు మీద అరచెయ్యి పెట్టాడు. మెచ్చుకుంటాడని నిలబడ్డాను. చేతిలో గొడుగుకి పక్క అంచుగా వేద్దామని కోసిన రేకు ఉంది.

"లాగుడు బ్రహ్మాండంగా ఉంది బావా. మరి గాలి లోపలికి ఎటునుంచి వస్తోంది?"

"రావడమెందుకు? పోవాలి. పోతోంది."

"పోయినంతా రావాలి కదా. ఇంత ఫ్యాను గంటలో ఇంటెడు గాలిని ఎన్నోసార్లు బయటికి తోసేస్తుంది. నువ్వేమో సందులన్నీ మూసేశావు. నువ్వు దారి ఇవ్వకపోతే గాలి ఊరుకోదు, ఎక్కడో ఒకచోట దారి చేసుకుంటుంది. ఈ గదిలోనే ఓ జానెడు కిటికీ తెరిచిపెట్టు."

"మళ్ళీ చలి, మళ్ళీ ఈల. వారం రోజులు చేసిన పని పాడు చెయ్యమంటావా?"

"వాడి మాట వినండి. వాడి పనే అది. మీకన్నా తెలుసు" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

మీకన్నా. ఆ ముక్క చాలు. ఒంట్లో ఏదో తెగింది.

వాడింకా ఆపలేదు. "అది కాదు బావా, ముందు స్నానాలగదిలో ఆ గ్యాసు గీజరు..." అంటున్నాడు. నా చెయ్యి లేచింది. చేతిలో రేకు ఉంది. వాడి కనుబొమ్మ పగిలింది.

రక్తం ఇంత ఉంటుందా మనిషిలో. మా ఆవిడ కర్టెన్ గుడ్డ చింపి కట్టింది. వాడు ఒంటికన్నుతో నన్ను చూస్తూ "నేను నీ పనికి వంక పెట్టలేదు బావా" అన్నాడు. "పో బయటికి. మళ్ళీ ఈ గడప తొక్కావంటే రెండోది కూడా పగుల్తుంది" అన్నాను. వాణ్ని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వెళ్తూ నా మొహం చూడలేదు.

నవంబర్ 17, సోమవారం

ఐదు కుట్లట. చెయ్యి జారింది. రేకు జారింది.

నవంబర్ 19, బుధవారం

మౌనవ్రతం. కంచం పెడుతుంది, వెళ్ళిపోతుంది. ఇవాళ పొద్దున్న స్నానం చేసి వచ్చి తల పట్టుకుని కూర్చుంది. తలనొప్పట. మధ్యాహ్నం కడుపులో తిప్పుతోందట, వాంతి చేసుకుంది. రెండు రోజుల్నుంచీ ఇదే వరస. ఇది ఏ రకం తలనొప్పో నాకు తెలియదా? తమ్ముడికి దెబ్బ తగిలినప్పట్నుంచి మొదలైన తలనొప్పి.

నవంబర్ 20, గురువారం

గ్యాసు సిలిండరు తెచ్చేవాడి గల్లా పట్టుకోవాల్సి వచ్చింది. గీజరు మంట నీలంగా ఉండాలి, పసుపుపచ్చగా ఊగుతోంది. పైన గోడ మీద మసి. కల్తీ గ్యాసు అంటగడుతున్నాడు దొంగవెధవ. "మీ గీజరు చూపించుకోండి సార్, సిలిండర్లో ఏం లేదు" అంటూ గొణిగాడు. రెండు తగిలించాను. వీధిలో నలుగురూ చూశారు. చూడనీ.

మసి నేనే తుడిచేశాను. ఇంట్లో పని చెయ్యనని నన్ననే హక్కు ఎవరికీ లేదు.

నవంబర్ 21, శుక్రవారం

ఇవాళ నోరు విప్పింది. ఏమందంటే: "విచిత్రంగా ఉందండీ. కొట్టుకి వెళ్ళి గంట తిరిగితే తలనొప్పి మాయమవుతోంది. ఇంట్లోకి రాగానే మళ్ళీ పట్టుకుంటోంది."

అంటే నా వల్ల. నేనున్న ఇంట్లో తలనొప్పి, నేను లేని వీధిలో సుఖం. ఇంత సూటిగా మొహం మీద ఎవరూ అనలేదు నన్ను. చేతిలో ఉన్న మల్టీమీటర్ గోడకేసి కొట్టాను. దాని గాజు పగిలి ఆమె కాళ్ళ దాకా వెళ్ళింది. ఆమె వంగి ముక్కలు ఏరుతూ ఒకసారి తూలి గోడ పట్టుకుంది. నేను పట్టుకోలేదు. అదీ నాటకమే అనుకున్నాను.

నవంబర్ 22, శనివారం

నాకూ తల దిమ్ముగానే ఉంది. కోపం వల్ల.

నవంబర్ 23, ఆదివారం

ఆస్పత్రి. ఆమె ముఖం మీద ఆక్సిజన్ మాస్కు. కళ్ళు తెరవలేదు. పడిపోయిన చప్పుడు విన్న రెండు నిమిషాల్లో తలుపు తీశాం. రెండే నిమిషాలు.

నవంబర్ 24, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున్న సంచి సర్దుకుని కనిపించింది. "తమ్ముడికి కుట్లు తీస్తారట. వాడే వచ్చి తీసుకెళ్తానన్నాడు, వీధి చివర నిలబడతాడు" అంది. "కుట్లు తియ్యడానికి సంచెందుకు?" అన్నాను. "ఏమో, ఉంటానేమో" అంది. చెయ్యి తగిలింది. చెంపకి తగిలింది. ఆమె ఏడవలేదు. సంచి గోడకి ఆనించి, తువ్వాలు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. గీజరు భగ్గుమని అంటుకున్న చప్పుడు వినిపించింది.

నేను ఫ్యాను వేసుకుని పనికి కూర్చున్నాను. కోపం వచ్చినప్పుడు పనిలో పడడం మంచి పద్ధతే కదా.

కాసేపటికి లోపల ధబ్‌మని చప్పుడైంది. బకెట్టు దొర్లింది. వస్తువులు విసురుతోందనుకున్నాను. "పగలగొట్టు! అన్నీ పగలగొట్టుకుని పో!" అని ఇక్కణ్నుంచే అరిచాను. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

తర్వాత బామ్మర్ది తలుపు బాదాడు. వీధి చివర చూసి చూసి వచ్చాడు. "అక్కేది?" అన్నాడు. "స్నానం చేస్తోంది. నిన్ను ఈ గడప తొక్కొద్దన్నానుగా" అన్నాను. వాడు నన్ను తోసుకుని నడవలోకి పరిగెత్తాడు, "అక్కా, అక్కా" అంటూ తలుపు గుద్దాడు. పలకలేదు. కాలెత్తి తలుపు తన్నబోయాడు.

నేను వాణ్ని వెనకనుంచి మెడ పట్టి లాగాను. నా ఇంట్లో, నా పెళ్ళాం స్నానం చేస్తుంటే, తలుపు పగలగొడతాడా అని. ఇద్దరం నడవలో పడ్డాం. వాడి కుట్లు తెగి రక్తం నా చొక్కా మీద పడింది. "వదులు బావా, గీజరు, గీజరు" అంటున్నాడు. నేను ఇంకా గట్టిగా బిగించాను. వాడు నా చెయ్యి ఎముక దాకా కొరికాడు. అయినా వదల్లేదు. అప్పుడు నా మోచేతి కింద తడి తగిలింది. తలుపు కిందనుంచి గోరువెచ్చని నీళ్ళు వస్తున్నాయి.

తలుపు వాడే తన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది, తువ్వాలు కాలవ కన్నానికి అడ్డం పడింది. బుగ్గలు ఎర్రగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నాయి. ఆ రంగు చూసి నేను నిద్రపోతోంది అనుకున్నాను. వాడు గీజరు ఆపాడు, ఫ్యాను ఆపాడు, వీధి తలుపు బార్లా తీశాడు, అక్కని దుప్పట్లో చుట్టి ఒక్కడే మోశాడు. నేను ఆమె సంచి పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

నవంబర్ 25, మంగళవారం

కళ్ళు తెరుస్తోంది, మూస్తోంది. మనిషిని పోల్చుకోవడం లేదు. బతుకుతుందని మాత్రం అన్నారు.

ఫైరాఫీసు నుంచి ఒకాయన ఇంటికి వచ్చాడు. గీజరు వెలిగించి, దాని పొగ గొట్టం మొదట్లో పల్చటి కాగితం పట్టుకుని నన్ను ఫ్యాను వెయ్యమన్నాడు. వేశాను. బయటికి ఎగరాల్సిన కాగితం లోపలికి, మా మొహాల మీదకి ఊగింది. "చూశారా, మీ ఫ్యాను గాలి కోసం ఇల్లంతా వెతికింది. అన్నీ మూసేశారు. మిగిలింది ఈ ఒక్క గొట్టమే. బయటికి పోవాల్సిన విషపు గాలిని మీ యంత్రం వెనక్కి లాగి ఆవిడ మీద పోసింది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వాంతులు ఏమైనా ఉన్నాయా ముందు?"

"లేవు" అన్నాను.

గీజరు పాతది. గోడ గొట్టం ఎవరు పెట్టారో వాణ్ని అడగాలి. ఆమె గడియ పెట్టుకోకుండా ఉండాల్సింది. చప్పుడు విన్నాక ఐదు నిమిషాలు అయ్యుండొచ్చు. ఐదుకి మించవు.

నవంబర్ 26, బుధవారం

సుత్తి తీసుకుని ఫ్యాను పగలగొట్టాను. రెక్కలు, మోటారు, గొడుగు, గొట్టం. గోడ నుంచి ఊడబెరికితే పెచ్చులు నెత్తిన పడ్డాయి. పైనుంచి పెన్షనాయన తొంగిచూసి గబుక్కున లోపలికి తప్పుకున్నాడు. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కాయి. అంత పగలగొట్టినా ఒక్క పిసరు కూడా తేలిక కాలేదు. యంత్రానికి ఏం తెలుసు, గాలి కావాలంది, నేను సందులు మూశాను, సందులు మూశావని చెప్పినవాడి కనుబొమ్మ పగలగొట్టాను.

పదినిమిషాలు.

నవంబర్ 27, గురువారం

గది ఊడుస్తుంటే ఆదివారం నాటి బోర్డు బల్ల కింద దొరికింది. అరవై కాళ్ళ బోర్డు, కాలికొక అతుకు. వరసగా ఎడమనుంచి కుడికి టంకం పెడతాను నేను, ఎప్పుడూ అంతే.

పన్నెండో కాలి దగ్గర టంకం ముద్దగా పడి పక్కకి జారి ఉంది. ధబ్‌మని చప్పుడైనప్పుడు చెయ్యి అదిరింది, నాకు గుర్తుంది. ఆ తర్వాత పెట్టినవి లెక్కపెట్టాను. నలభై నాలుగు. ఒక్కోదానికి నాకు అరనిమిషం పడుతుంది. వేడి చెయ్యాలి, తీగ ఆనించాలి, చల్లారేదాకా ఆగాలి. ఇరవై ఏళ్ళుగా అరనిమిషమే. తొందరపడితే అతుకు నిలవదు.

నలభై నాలుగు అతుకులు. ఇరవై రెండు నిమిషాలు. దాని మీద నడవలో కుస్తీ.

భూతద్దం పెట్టి ఒక్కోటీ చూశాను. అన్నీ నున్నగా, గుండ్రంగా, మెరుస్తున్నాయి. ఒక్కటీ తప్పుపోలేదు. ఆమె గోడ అవతల నేల మీద పడి ఉంది, నాకు చెయ్యి కూడా వణకలేదు.

అద్దం పక్కన పెట్టి, నేల మీద కూర్చుని ఏడ్చాను.

నవంబర్ 29, శనివారం

మాట్లాడింది. నన్ను చూసి "గడ్డం గీసుకోలేదేం?" అంది.

మూడు వారాలు ఆమె తలలోంచి తుడిచిపెట్టుకు పోయాయి. ఈ రకం విషానికి అలా జరుగుతుందట, ఆ రోజులు మళ్ళీ గుర్తుకు రాకపోవచ్చట. డాక్టరు దగ్గరికి వెళ్ళింది గుర్తుంది, ఆ పైన ఏమీ లేదు. పెన్షనాయన కుర్చీ లేదు, రేకు లేదు, చెంప లేదు. తమ్ముడి కనుబొమ్మ చూసి "ఏమైందిరా?" అని కంగారు పడింది. వాడు నా వైపు చూశాడు. నేను కిందికి చూశాను. "పని దగ్గర రేకు తగిలింది అక్కా" అన్నాడు. ఆమెకి ఆందోళన కలిగించొద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు.

బయటికొచ్చాక నడవలో వాడు నన్ను గోడకి ఆనించి గొంతు మీద మోచెయ్యి పెట్టాడు. "నీ కోసం కాదు. అక్క కోసం" అన్నాడు. ఆ మోచెయ్యి ఇంకాస్త నొక్కితే బాగుండునని నిలబడ్డాను. తీసేశాడు.

చప్పుడు తర్వాత ఎంతసేపు కూర్చున్నానో వాడికి కూడా తెలియదు. ఎవరికీ తెలియదు.

నవంబర్ 30, ఆదివారం

నర్సుతో చెబుతోంది. "గీజరు పాడైతే మా ఆయనా మా తమ్ముడూ కలిసి తలుపు పగలగొట్టి నన్ను బయటికి తీశారు." కలిసి అట. తనే అల్లుకుంది. నేను దిద్దలేదు. నా చేతి మీద వాడి పళ్ళ గాట్లు చూసి "తలుపు చెక్క గీరుకుందా పాపం" అని నిమిరింది. ఆమె నా చెయ్యి నిమిరి ఎన్నాళ్ళయిందో.

ఇలాగే ఉండిపోతే ఏం? దేవుడే తుడిచేశాడు. కొత్తగా మొదలుపెడతాను. ఒట్టు. ఇకపై చెయ్యెత్తను. చెబితే ఆమె ఆరోగ్యానికే మంచిది కాదు.

డిసెంబర్ 1, సోమవారం

రేపు పంపించేస్తామన్నారు. "నేరుగా మన ఇంటికే పోదామండీ, కర్టెన్లు ఎన్ని ఆగిపోయాయో" అంది. సంతోషం పట్టలేక లేచాను. ఆమె మంచం పైన లైటు కళ్ళలో పడుతోందని, ఆపుదామని గోడ మీది స్విచ్చి కోసం చెయ్యెత్తాను.

రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడవైపుకి ముడుచుకుపోయింది.

ఒక్క క్షణమే. తర్వాత చేతులు దించి, తన చేతుల్ని తనే తెల్లబోయి చూసుకుంది. "ఏమిటో, ఉలిక్కిపడ్డాను" అని నవ్వింది. నేను లైటు ఆపకుండానే కూర్చుండిపోయాను.

డిసెంబర్ 2, మంగళవారం

చెప్పేశాను.

పొద్దున్నే ఆమె జడ వేసుకుని, చెప్పులు తొడుక్కుని, మంచం అంచున సిద్ధంగా కూర్చుంది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని మొదట్నుంచీ చెప్పాను. కుర్చీ, రబ్బరు పట్టీలు, రేకు, సిలిండరువాడు, తలనొప్పి గురించి నేనన్నవి, చెంప. చెంప దగ్గర "తగిలింది" అనబోయి ఆగి, "కొట్టాను" అన్నాను. చప్పుడు, నేను అరిచిన అరుపు, బోర్డు, వాడి మెడ. ఆమె ఎక్కడా అడ్డు రాలేదు. వేరే ఎవరి గురించో వింటున్నట్టు విన్నది.

చివర్న అడిగింది. "ఎంతసేపు?"

"ఇరవై రెండు నిమిషాలు."

"పని చేసుకుంటూ?"

"పని చేసుకుంటూ."

నర్సు వచ్చి కాగితాల మీద సంతకం అడిగింది. పెట్టింది. నర్సు వెళ్ళాక నా వైపు తిరిగింది.

"నాకేమీ గుర్తులేదుగా. ఆ నిమిషాల సంగతి ఇంకెవరికీ తెలియదుగా. ఎందుకు చెప్పారు?"

"ఇంటికి వస్తానన్నావు" అన్నాను.

ఆమె కళ్ళు నిండాయి. నా కళ్ళూ నిండాయి. లేచి ఆమె దగ్గరికి వెళ్ళాలనిపించింది, చేతులు మాత్రం తొడల కిందనుంచి తియ్యలేదు.

"తమ్ముణ్ని పిలవండి" అంది.

ఫోన్ చేశాను. పావుగంటలో వచ్చాడు. అక్క మొహం చూసి వాడికి అర్థమైంది. సంచి వాడు పట్టుకున్నాడు, ఆమె వాడి భుజం పట్టుకుంది. నేను ముందు నడిచి లిఫ్టు బటన్ నొక్కాను. తలుపులు తెరుచుకుని ఇద్దరూ ఎక్కారు, ముగ్గురికి చోటుంది. నేను మెట్ల మీదుగా దిగి వచ్చాను.